వద్దన్నవాళ్లు ఎందుకు వద్దో చెప్పాలి

కన్సోల్ ఆటలకు ఆటగాళ్లు సొంతంగా తయారుచేసే మాడ్ల (ఆటలో మార్పులు, చేర్పులు చేసే ఫైళ్ల) ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాదాపూర్‌లో పనిచేసే నా మిత్రుడొకడు ఒకే మాటతో చర్చ ముగించేస్తాడు: "పెట్టె వాళ్లది, కట్టుబాట్లూ వాళ్లవే. నచ్చనివాడు పీసీ కొనుక్కోవాలి." పోయిన వారం కూడా అదే అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ప్లేస్టేషన్ గానీ, ఎక్స్‌బాక్స్ గానీ, నింటెండో స్విచ్ గానీ కొనేవాడు అందులో తనకు తోచినది ఎక్కించుకునే వీలు లేదని తెలిసే కొంటాడు. ఆ వీలు లేకపోవడం వల్లనే వైరస్‌ల బెడద ఉండదని, ఆన్‌లైన్ పోటీల్లో దొంగాట తక్కువని సంతోషించేవాళ్లూ చాలామంది ఉన్నారు. అయినా ఆ మాట దగ్గర ఆగిపోవడం నాకు సమ్మతం కాదు. ఎందుకు కాదో ఈసారి కాస్త వివరంగా రాస్తాను.

కన్సోల్ కంపెనీలు మాడ్ల మీద నియమాలు పెట్టకూడదని నేను అనడం లేదు. నియమం పెట్టినప్పుడు దాన్ని అందరూ చదవగలిగేలా రాసి ఉంచాలి, ఒక మాడ్‌ను తిరస్కరించినప్పుడు ఏ నియమం కింద తిరస్కరించారో చెప్పాలి, ఆ సంగతి మాడ్ తయారుచేసిన మనిషికే నేరుగా చెప్పాలి అంటున్నాను. ఈ మూడింటిలో ఏదీ ఈనాడు సక్రమంగా జరగడం లేదు. దాని భారం అందరి మీదా సమానంగా పడడమూ లేదు, మనలాంటి భాషలవాళ్ల మీద ఎక్కువగా పడుతోంది.

ముందుగా "పీసీ కొనుక్కో" అన్న సలహా సంగతి. ప్లేస్టేషన్ 4 మన దేశంలో 2014 జనవరిలో 39,990 రూపాయలకు వచ్చింది, ప్లేస్టేషన్ 5 డిస్క్ మోడల్ 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలకు వచ్చింది. అవే ఆటలను అంత నాణ్యతతో ఆడగలిగే పీసీ ఆ ధరకు రాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో షాపు షాపూ తిరిగి విడిభాగాలు ఏరుకుని కట్టించుకున్నా గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి వచ్చేసరికే చేతిలో డబ్బు అయిపోతుంది. ఇంట్లో ఒక్క పెట్టె కొనగలిగిన కుటుంబం కన్సోల్ కొంటుంది. ఆ ఇంటి పిల్లవాడిని రెండో పెట్టె కొనుక్కోమనడం జవాబు కాదు.

మనకు మాడ్లు ఎందుకు కావాలో క్రికెట్ ఆటే చెబుతుంది. ఈఏ స్పోర్ట్స్ సంస్థ క్రికెట్ 07 ఆటను 2006 చివర్లో పీసీకి, ప్లేస్టేషన్ 2కు విడుదల చేసింది. ఆ తరువాత మళ్లీ క్రికెట్ జోలికి రాలేదు. ఐపీఎల్ మొదలైంది 2008లో. ఇక ఆ ఆటలోకి డెక్కన్ చార్జర్స్ ఎక్కడి నుంచి రావాలి? పీసీలో ఔత్సాహికులే తెచ్చారు. జెర్సీలు గీశారు, ఆటగాళ్ల పేర్లు మార్చారు, స్టేడియాల బోర్డులు మార్చారు, ఏటా కొత్త ప్యాచ్ ఇచ్చారు. 2009లో డెక్కన్ చార్జర్స్ కప్పు గెలిచినప్పుడు మా వీధి నెట్ సెంటర్లో పిల్లలు ఆ జట్టుతోనే ఆడేవారు, 2013లో సన్‌రైజర్స్ వస్తే సన్‌రైజర్స్ జెర్సీలూ వచ్చాయి. అదే ఆటను ప్లేస్టేషన్ 2 మీద డిస్క్ కొని ఆడినవాడికి కాలం 2006 దగ్గరే ఆగిపోయింది. డబ్బు పెట్టినవాళ్లు ఇద్దరూ ఒకే ఆట కొన్నారు. ఒకరికి మాత్రమే అది పదేళ్లు బతికింది.

సూత్రం ఎక్కడుంది?

కంపెనీలకు ఒక స్థిరమైన సూత్రం ఉండి, దాన్ని కఠినంగా అమలు చేస్తున్నాయంటే నేను ఇంత గట్టిగా వాదించేవాడిని కాను. కానీ గడిచిన ఏళ్ల చరిత్ర చూస్తే సూత్రం కనిపించదు.

అన్‌రియల్ టోర్నమెంట్ 3 ఆట 2007లో ప్లేస్టేషన్ 3 మీద వచ్చినప్పుడు, ఆటగాళ్లు పీసీలో తయారైన మాడ్లను మెమరీ కార్డు ద్వారా కూడా ఎక్కించుకోగలిగేవారు. 2008లో అదే ఆట ఎక్స్‌బాక్స్ 360 మీదికి వచ్చేసరికి ఆ సదుపాయం లేదు. అప్పట్లో తెరిచి ఉంచింది ప్లేస్టేషన్ తయారీదారు సోనీ, మూసింది ఎక్స్‌బాక్స్ తయారీదారు మైక్రోసాఫ్ట్. ఎనిమిదేళ్లు తిరిగేసరికి పాత్రలు తారుమారయ్యాయి. ఫాలౌట్ 4 మాడ్లు 2016 మే నెలాఖరున ఎక్స్‌బాక్స్ వన్ మీద మొదలయ్యాయి. ప్లేస్టేషన్ 4 మీద జూన్‌లో రావలసినవి ఆగిపోయాయి. సెప్టెంబరులో, మాడ్లు ఉండవలసిన రీతిలో ఉండడానికి సోనీ ఒప్పుకోవడం లేదని ఆ ఆట ప్రచురణకర్త బెథెస్డా ప్రకటించింది. అక్టోబరులో ఫాలౌట్ 4కూ, అదే సంస్థది అయిన స్కైరిమ్ ఆటకూ కలిపి రాజీ కుదిరింది: మాడ్లు ఉండవచ్చు, కానీ ఆటతోపాటు వచ్చిన బొమ్మలు, శబ్దాలు, నమూనాలు తప్ప బయటి నుంచి తెచ్చిన ఫైళ్లు ఏవీ వాడకూడదు. ఈ రెండు కబుర్లూ ఆటగాళ్లకు బెథెస్డా నోటి నుంచే అందాయని గమనించాలి. నిర్ణయం ఒకరిది, దాన్ని చెప్పుకోవలసిన భారం ఇంకొకరిది.

అదే కాలంలో, అదే ప్లేస్టేషన్ 4 మీద, కోనామీ వారి పెస్ ఫుట్‌బాల్ ఆటలో పెన్‌డ్రైవ్ నుంచి బయటి బొమ్మలను దిగుమతి చేసుకునే వీలుండేది. లైసెన్సు లేక మారుపేర్లతో వచ్చిన జట్లకు జనం అసలు జెర్సీలు, అసలు చిహ్నాలు తొడిగారు. ఎక్స్‌బాక్స్ వన్ మీద ఆ వీలు లేదు. అంటే ఒకే యంత్రంలో, ఒకే కంపెనీ ఏలుబడిలో, బయటి బొమ్మ ఒక ఆటలో ప్రమాదం, ఇంకొక ఆటలో సౌకర్యం అయింది. సాంకేతిక కారణం ఉండి ఉండవచ్చు. పెస్‌లోకి వచ్చేది ఒట్టి చిత్రం, స్కైరిమ్‌లోకి వచ్చేది అంతకంటే సంక్లిష్టమైన ఫైలు కావచ్చు. అలా అయితే ఆ తేడాను రాసి ఉంచడానికి అభ్యంతరం ఏమిటి?

ఆ "బయటి ఫైళ్లు వద్దు" అన్న ఒక్క షరతు తెలుగు ఆటగాడికి ఏమి చేసిందో చూడండి. స్కైరిమ్‌తో వచ్చిన ఫాంట్లలో తెలుగు లేదు. తెలుగు ఫాంటు బయటి ఫైలు. కాబట్టి ప్లేస్టేషన్ 4 మీద ఆ ఆటను తెలుగులో చదివేలా చేయాలని ఎంత శ్రద్ధ ఉన్నవాడు పూనుకున్నా మొదటి అడుగే పడదు. పీసీలో కూడా వత్తులు, గుణింతాలు సరిగ్గా అతికేలా చేయడం చిన్న పని కాదు, ఆట ఇంజిన్‌తో కుస్తీ పట్టాలి. కానీ అక్కడ కష్టం ఉంది, నిషేధం లేదు. ఫ్రెంచివాడికో స్పానిష్‌వాడికో ఈ షరతు ఈ రూపంలో తగలదు, ఎందుకంటే వాళ్ల అక్షరాలు డిస్క్‌లోనే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం 8 కోట్ల పైచిలుకు మంది మాతృభాష అయిన తెలుగులో ఈ మూడు కంపెనీల కన్సోళ్లలో ఒక్కదానికీ మెనూ లేదు. కంపెనీ తాను చేయని పనిని ఆటగాడు చేసుకుంటానంటే, అదీ కుదరదని షరతు అడ్డుపడుతుంది. ఆ షరతు రాసినవారు తెలుగును దృష్టిలో పెట్టుకుని రాశారని నేను అనను. మనం వాళ్ల ఆలోచనలోనే లేమన్నది నా బాధ.

ఇంకొక ఉదాహరణ చెప్పి ముందుకు వెళ్తాను. ది ఫర్గాటెన్ సిటీ అన్నది 2015లో స్కైరిమ్ మాడ్‌గా పుట్టింది, సొంత కథతో, సొంత నటుల గొంతులతో. అలాంటి గొంతులు ఆ రాజీ ప్రకారం ప్లేస్టేషన్ 4 మాడ్‌లోకి రాకూడదు. 2021లో ఆ కథనే విడి ఆటగా మార్చి అమ్మకానికి పెట్టినప్పుడు అది ప్లేస్టేషన్ మీదికీ హాయిగా వచ్చింది. విడి ఆటగా వచ్చినప్పుడు కంపెనీ పరీక్షలన్నీ దాటి వచ్చిందని తెలుసు. ఉచితంగా పంచే మనిషికి ఆ పరీక్ష రాసే అవకాశమే లేదన్నది నా అభ్యంతరం.

పల్లె వెలుగు బస్సు

మా అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుతూ వనస్థలిపురంలో గది తీసుకుని ఉంటున్నాడు. వాళ్లది దేవరకొండ. ఒక డ్రైవింగ్ ఆటకు పల్లె వెలుగు బస్సు తయారుచేశాడు. ఆ ఆట పేరు, కంపెనీల పేర్లు ఇక్కడ రాయను. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడల్లా బస్సు లోపలా బయటా ఫొటోలు తీసుకునేవాడు. వెనకవైపు నిచ్చెన, కిటికీ ఇనుప కడ్డీలకు ఒరుసుకుపోయిన రంగు, డ్రైవరు వెనక అద్దానికి పక్కగా ఉండే నలిగిన పూలదండ, ముందు "నల్గొండ – దేవరకొండ" బోర్డు, అన్నీ పెట్టాడు. లోపల, ముందు సీట్ల పైన, "స్త్రీలను గౌరవించడం మన సాంప్రదాయం, వారికి కేటాయించిన సీట్లలో వారినే కూర్చోనిద్దాం" అన్న వాక్యాన్ని ఎర్ర అక్షరాల్లో, పెచ్చులూడిన చోట పెచ్చులూడినట్టే రాశాడు. నేను ఆ బొమ్మను దగ్గరగా చూశాను. "గౌరవించడం"లో వకారం కింద కాస్త రంగు కారినట్టు కూడా గీశాడు.

పీసీలో ఆ బస్సును చాలామంది ఇష్టపడ్డారు. ఆ ఆట కన్సోల్ రూపంలో కూడా కొత్త వాహనాలను అనుమతిస్తుంది, స్క్రిప్టులు (ఆటలో పనులు చేయించే చిన్న ప్రోగ్రాములు) మాత్రం ఉండకూడదు. వీడి బస్సులో స్క్రిప్టులు లేవు. పంపాడు. కొన్ని వారాల తరువాత ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది: మీ మాడ్ కన్సోల్ నియమాలకు అనుగుణంగా లేదు. ఏ నియమానికో లేదు. కాదన్నది ఆట ప్రచురణకర్తా, కన్సోల్ కంపెనీయా అన్నది కూడా లేదు.

నాకు ఫోన్ చేశాడు. "ఏది తీసెయ్యాల్నో చెప్తే తీసేస్త గద మామా, అదే చెప్తలేరు" అన్నాడు.

ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ఆర్టీసీ చిహ్నం ఒక సంస్థ ఆస్తి, దానికి అనుమతి లేదు కాబట్టి ఆపి ఉండవచ్చని నాకు తోచింది. అది న్యాయమైన కారణమే. చిహ్నం తీసేసి పంపాడు. అదే వాక్యం తిరిగి వచ్చింది. వెనక అతికించిన ప్రకటన బొమ్మ ఒక నిజమైన దుకాణానిదని గుర్తొచ్చి అదీ తీశాడు. మళ్లీ అదే వాక్యం. చివరికి, చదవలేని లిపిలో ఏముందో తేల్చుకోలేక ఆపుతున్నారేమో అనుకుని, తెలుగు అక్షరాలన్నీ చెరిపేశాడు. బోర్డు మీద ఒట్టి అంకెలు మిగిలాయి, సీట్ల పైన ఖాళీ తెల్లరేకు మిగిలింది. ఆమోదం వచ్చింది.

తెలుగు వల్లనే ఆపారని నేను ఆరోపించలేను. మూడో సవరణలో ఫైలు పరిమాణం కూడా తగ్గింది, కారణం అదీ కావచ్చు. పరిశీలించిన మనిషే మారి ఉండవచ్చు. ఏ కారణమో తెలియని మనిషి ఒక్కొక్కటిగా తీసేస్తూ పోవలసి వచ్చింది. తీసేయడానికి ఇక ఏమీ మిగలని దశలో వాడు తన భాషను తీసేశాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ ఆజ్ఞాపించలేదు. కారణం చెప్పకపోవడమే ఆ పని చేయించింది. తెలుగులో ఏదో అసభ్యంగా రాసి ఉంటుందన్న అనుమానం పరిశీలకుడికి కలిగి ఉంటే, "ఈ అక్షరాలకు అర్థం రాసి పంపండి" అన్న ఒక్క ప్రశ్న సరిపోయేది. స్త్రీలను గౌరవించమనే వాక్యమని వాడు రాసి పంపేవాడు.

భయాలు నిజమైనవే

కంపెనీల తరఫు వాదనను తేలికగా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. వాటి భయాల్లో బలమైనది భద్రత. 2014 నవంబరులో నింటెండో 3డీఎస్ యంత్రాన్ని ఛేదించింది క్యూబిక్ నింజా అన్న ఒక చిన్న ఆట ద్వారా. అందులో ఆటగాళ్లు తాము కట్టిన ఆట స్థాయిలను (లెవెల్స్‌ను) క్యూఆర్ కోడ్ రూపంలో పంచుకునేవారు. ఆ కోడ్‌ను చదివే పద్ధతిలో ఉన్న లోపం గుండా, యంత్రం మీద అనుమతి లేని ప్రోగ్రాములు నడపగలిగారు. అంతకుముందు 2008లో నింటెండోదే అయిన వీ (Wii) యంత్రాన్ని ఒక జెల్డా ఆట సేవ్ ఫైలు ద్వారానే తెరిచారు. ఆటగాడు తయారుచేసిన ఫైలు, అది ఎంత అమాయకంగా కనిపించినా, యంత్రంలోకి తలుపు కాగలదు. స్క్రిప్టులను, తెలియని ఫైలు రకాలను కన్సోల్ కంపెనీ ఆపితే నేను ఒప్పుకుంటాను. ఫార్మింగ్ సిమ్యులేటర్ ఆటల్లో కన్సోల్ మాడ్లకు స్క్రిప్టులు ఉండవు. ఆ గీత ముందే తెలుసు కాబట్టి మాడ్లు చేసేవాళ్లు దానికి తగినట్టు పని చేస్తారు. ముందే తెలిసిన గీత ఎవరినీ అవమానించదు.

రెండోది వయసు రేటింగు. 2005లో జీటీఏ శాన్ ఆండ్రియాస్ డిస్క్‌లో ప్రచురణకర్త దాచి వదిలేసిన శృంగార దృశ్యాన్ని ఒక మాడ్ బయటపెట్టినప్పుడు, అమెరికా రేటింగు సంస్థ ఈఎస్‌ఆర్‌బీ ఆ ఆటను పెద్దలకు మాత్రమే అన్న తరగతిలోకి మార్చింది, దుకాణాలు అమ్మకం ఆపాయి. మరుసటి ఏడాది ఆబ్లివియన్ ఆటకు కూడా రేటింగు పెరిగింది, కారణాల్లో ఒకటి మాడ్ ద్వారా తెరవగలిగిన ఒక బొమ్మ ఫైలు. పెద్దలకు మాత్రమే అన్న ముద్ర పడిన ఆటను కన్సోల్ కంపెనీలు తమ యంత్రాల మీదికి రానివ్వవు. అలాంటి దెబ్బ తిన్న పరిశ్రమ జాగ్రత్త పడడం సహజం. ఇంట్లో పిల్లలకు కన్సోల్ ఇచ్చిన తల్లిదండ్రుల్లో నేనూ ఒకణ్ని. ఆ జాగ్రత్త నాకూ కావాలి.

వీటితోపాటు దొంగతనం కూడా ఉంది. 2016లో ఎక్స్‌బాక్స్ మీద ఫాలౌట్ 4 మాడ్లు మొదలైన తొలి రోజుల్లోనే, పీసీ మాడ్లను అసలు తయారీదారుల అనుమతి లేకుండా ఇతరులు తమ పేరుతో ఎక్కించేశారు. తన పనిని తీసేయించుకోవడానికి తయారీదారు గగ్గోలు పెట్టవలసి వచ్చింది. కాబట్టి మాడరేషన్ ఉంటే మాడ్లు చేసేవాళ్లకే మేలు. నియమాలు వద్దనేవాళ్లు ఈ ఘట్టాన్ని మరిచిపోకూడదు.

అయితే ఈ మూడు భయాల్లో ఒక్కటి కూడా మౌనాన్ని సమర్థించదు. "నియమాలు విప్పి చెబితే తప్పించుకునే దారులు వెతుకుతారు" అని మా మిత్రుడు అంటాడు. భద్రతా లోపాల విషయంలో అది నిజం, తనిఖీ ఎలా చేస్తారో ఎవరూ అడగడం లేదు. కానీ ఆర్టీసీ చిహ్నం వాడకూడదన్న సంగతి తెలిస్తే ఎవరు ఏమి తప్పించుకుంటారు? తెలిసినవాడు చిహ్నం లేకుండా బస్సు పంపుతాడు. కంపెనీకి కావలసిందీ అదే కదా.

2022లో పీసీ వైపు జరిగిన ఒక సంగతి ఇక్కడ పనికొస్తుంది. స్పైడర్‌మ్యాన్ ఆటలోని, ఎల్జీబీటీ సమాజానికి గుర్తైన ఇంద్రధనుస్సు జెండాలను తొలగించే మాడ్‌ను, మాడ్లు పంచే వెబ్‌సైటు నెక్సస్ మాడ్స్ తీసేసింది, పెట్టినవాడిని నిషేధించింది. తీసేయడంతో ఊరుకోకుండా ఎందుకు తీసిందో అందరికీ తెలిసేలా రాసింది. ఆ నిర్ణయంతో విభేదించినవాళ్లు లేకపోలేదు, వాళ్లకు విభేదించడానికి ఒక వాక్యమైనా దొరికింది. కన్సోల్ మాడ్ల విషయంలో మనకు అంతమాత్రం కూడా దొరకదు.

కారణం రాసే ఉంటుంది

"లక్షల ఫైళ్లు వస్తుంటే ఒక్కొక్కరికీ కారణం రాస్తూ కూర్చుంటారా?" అన్నది చివరి అడ్డు. ఈ ప్రశ్నకు జవాబు నాకు మా అపార్టుమెంటులోనే దొరికింది. పై అంతస్తులో ఉండే ఒక అమ్మాయి రాయదుర్గం వైపు ఒక ఆఫీసులో రాత్రి షిఫ్టులో తెలుగు పోస్టులను, వీడియోలను పరిశీలించే పని చేస్తుంది. హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక పోస్టును తీసేయాలంటే జాబితాలోంచి ఏ నియమం కింద తీస్తున్నామో ఎంచుకోకుండా తరువాతి పోస్టు తెరుచుకోదని ఆమె చెప్పింది. "కారణం పెట్టకపోతే మాకే మార్కులు కోస్తారంకుల్" అంది. అంటే కారణం ఎంచుకోవడం అదనపు పని కాదు, అది పనిలో భాగం. మాడ్లను పరిశీలించేచోట కూడా మనిషి ఏదో ఒక కారణంతోనే కాదంటాడు. దాన్ని బయటికి పంపడానికి కొత్త సిబ్బంది అక్కరలేదు, పంపాలన్న నిర్ణయం కావాలి. తెలుగు చదవగలిగినవాళ్లు దొరకరన్న మాట అంతకన్నా నిలవదు, ఈ నగరంలో వాళ్లు షిఫ్టుల వారీగా కూర్చుని ఉన్నారు.

చట్టాలు కూడా ఈ దిశలో కొంత నడిచాయి. యూరోపులో 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమలైన డిజిటల్ సేవల చట్టం ప్రకారం, వినియోగదారులు పెట్టినదాన్ని తొలగించే సేవాసంస్థలు స్పష్టమైన కారణాన్ని వారికి తెలియజేయాలి. మన దేశపు 2021 ఐటీ నియమాలు ప్రతి మధ్యవర్తి సంస్థకూ (ఇతరులు పెట్టినదాన్ని మోసే వేదికకూ) ఫిర్యాదుల అధికారి ఉండాలన్నాయి, 24 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పి 15 రోజుల్లో పరిష్కరించాలని గడువు పెట్టాయి. 2023లో అప్పీలు కమిటీలు కూడా ఏర్పడ్డాయి. అయితే ఇవన్నీ పెట్టినదాన్ని తీసేసే సందర్భాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. కన్సోల్ మాడ్ పెట్టకముందే ఆగిపోతుంది. పైగా మాడ్‌ను దాచి ఉంచే సర్వరు ఒకరిది, ఆట ఇంకొకరిది, యంత్రం మూడో వారిది. బాల్డర్స్ గేట్ 3కి 2024లో మాడ్లు వచ్చినప్పుడు కూడా మాడ్లన్నిటినీ మోసే వేదిక వేరు, కన్సోల్‌కు తగినవాటిని ఏరేవారు వేరు. ఫిర్యాదు చేయదలచిన విద్యార్థి ఈ ముగ్గురిలో ఎవరి అధికారికి రాయాలి?

అందుకే నేను కోరే మార్పు చాలా చిన్నది. తిరస్కరణ ఈమెయిల్‌లో మూడు సంగతులు ఉండాలి: నిర్ణయం తీసుకున్నది ఎవరు, ఏ నియమం కింద, మాడ్‌లోని ఏ ఫైలు వల్ల. ఫైలు పేరు చెబితే మా అక్క కొడుకు మూడు సవరణలు చేసేవాడు కాదు, పరిశీలకుడూ ఒకే బస్సును అన్నిసార్లు చూడవలసి వచ్చేది కాదు. లిపి తెలియక ఆపితే ఆ మాటే రాసి, అర్థం అడగాలి. కన్సోల్ కంపెనీలు తమ నియమావళిని ప్రచురణకర్తలతో రహస్య ఒప్పందాల్లో దాచకుండా, మాడ్లకు సంబంధించిన భాగాన్ని మాత్రమైనా విడదీసి బయట పెట్టవచ్చు. భద్రతకు సంబంధించిన వివరాలు లోపలే ఉంచుకోవచ్చు. మిగిలినది చదివి, పని మొదలుపెట్టకముందే ఏది కుదురుతుందో ఏది కుదరదో తెలుసుకునే హక్కు, డబ్బు తీసుకోకుండా వాళ్ల ఆటకు ఆయుష్షు పోస్తున్న ఈ పిల్లలకు ఉందని నేను నమ్ముతున్నాను.